ప్రెసిడెంట్ అంకుల్ వాంగ్మూలం

ఇరవై నాలుగేళ్ల వయసులో నాకు లోకంలో తెలియని విషయమంటూ పెద్దగా ఉండేది కాదు. మిగిలిన ఆ కాసినీ వచ్చే నెలాఖరులోగా తెలిసిపోతాయన్న ధీమా మాత్రం దండిగా ఉండేది. ఆ రోజుల్లో వినడమంటే, ఎదుటివాళ్లు ఊపిరి పీల్చుకునే సందు చూసుకుని నా మాట దూర్చడమే అనుకునేదాన్ని. తప్పు నాది కాదు, మా ఇంటిది. నిజామాబాదులో మేం ఐదుగురం భోజనాల దగ్గర ఐదు విషయాలు ఒకేసారి మాట్లాడేవాళ్లం. ఎవరికీ ఏదీ వినపడకుండా పోయేది కాదు. అలాంటి ఇంట్లో పుట్టి, న్యూజిలాండ్‌కి చదువుకోవడానికి వచ్చి, బిజినెస్ డిప్లొమా పుచ్చుకుని, ఆక్లాండ్ శివారు మనురేవాలో నలుగురమ్మాయిలతో ఒక ఫ్లాట్‌లో ఉంటూ, ఒక పెద్ద దుకాణంలో రంగుల వారీగా తువ్వాళ్లు సర్దుతున్న నన్ను పిలిచి ఒక లైబ్రరీవాళ్లు ఉద్యోగమిచ్చారు. ఏం ఉద్యోగం? ఇతరులు చెప్పేది వినే ఉద్యోగం!

ఆ చుట్టుపక్కల పేటల్లో స్థిరపడ్డవాళ్ల జ్ఞాపకాలు వాళ్ల గొంతుల్లోనే రికార్డు చేసి దాచాలన్నది లైబ్రరీ ఆలోచన. మూడు నెలల పని. ఆఖర్న ఊళ్లోవాళ్లందరినీ పిలిచి కొన్ని వినిపిస్తారు. అది బాగుందనిపిస్తే పనీ, నేనూ ఇంకో ఏడాది కొనసాగుతాం. లేదంటే మళ్లీ తువ్వాళ్లే. ఈ శుభవార్త ఫోన్లో చెబితే మా అమ్మ, "ముసలోళ్ల ముచ్చట్లు వినుడు గూడ ఒక నౌకరేనా బిడ్డా? మీ నాయనమ్మ చెప్తానంటే ఒక్కనాడన్న కూసోని వినకపోతివి. గంత దూరం పోయి ఎవలయో వింటవా?" అంది. (ఆ మాట తగలవలసిన చోటే తగిలింది గానీ, ఆ వయసులో తగిలిందని ఒప్పుకునే అలవాటు లేదు. "ఇది ప్రొఫెషనల్ పని, నీకు తెల్వదమ్మా" అని ఫోన్ పెట్టేశాను.)

లైబ్రరీలో నా పై అధికారి అరవై దాటిన కివీ ఆవిడ, అంటే ఈ దేశంలోనే పుట్టిపెరిగిన మనిషి. పొట్టి తెల్ల జుట్టు, ఏ కాలమైనా అదే ఊలు స్వెటరు. పేరు పెట్టి పిలవమని ఆవిడ, నోరు రాదని నేను, వారం రోజులు తంటాలు పడ్డాక చివరికి మేడమ్ దగ్గర రాజీ పడ్డాం. ("మేడమ్ అంటే నేనేదో తప్పు చేసి ప్రిన్సిపాల్ గదికి వచ్చినట్టుంటుంది" అనేది ఆవిడ.) మేడమ్ నాకు అరచేతిలో పట్టే రికార్డరూ, బట్టలకి తగిలించుకునే చిన్న మైకూ, అంగీకార పత్రాల కట్టా ఇచ్చి, పని మొత్తం మూడు ముక్కల్లో చెప్పింది. ప్రశ్న అడుగు. నోరు మూసుకో. మనసులో పది లెక్కపెట్టు. "జనం అసలు మాట ఎప్పుడూ రెండోసారి చెబుతారు. మొదటి మాటకీ రెండో మాటకీ మధ్య కాస్త చోటు కావాలి. ఆ చోట్లోకి నువ్వు దూరకు" అంది. సాధన కోసం తననే ప్రశ్నలు అడగమంది. మీ చిన్నతనం గురించి చెప్పండి అని అడిగి లెక్క మొదలుపెట్టాను. నాలుగు దగ్గర ఆగలేక మా చిన్నతనం గురించి చెప్పేశాను. పదిహేను నిమిషాలు.

మొదటి ఇంటర్వ్యూకి నేను ఎంచుకున్నది ప్రెసిడెంట్ అంకుల్‌ని. ఆయన ఎప్పుడో ఒకే ఒక్క ఏడాది తెలుగువాళ్ల సంఘానికి ప్రెసిడెంటుగా చేశారు. పదవి ఏడాదికే పోయింది, పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. గోదావరి వైపు మనిషి. అక్కడ వ్యవసాయ శాఖలో ఆఫీసరుగా ఉండి, నలభై దాటాక ఆంటీనీ, చిన్నపిల్లయిన కూతురినీ వెంటబెట్టుకుని ఈ దేశం వచ్చారు. మొదట టౌరంగాలో కొన్నేళ్లుండి, తర్వాత ఆక్లాండ్‌కి మారి, మా ఫ్లాట్ ఉన్న వీధి చివర డైరీ నడుపుతున్నారు. (డైరీ అంటే రాసుకునేది కాదు. పాలు, రొట్టె, లోపల కూర పెట్టి కాల్చిన వేడి వేడి పైలు, పిల్లల తాయిలాలు అమ్మే వీధి కొట్టుని ఇక్కడ అలా అంటారు.) కొట్టు వెనక గదిలో రికార్డింగ్ పెట్టుకున్నాం.

వెళ్లేసరికి అంకుల్ నాఫ్తలీన్ ఉండల వాసన వేసే నీలం కోటు వేసుకుని, ఆరు పేజీల కాగితం పట్టుకుని కూర్చుని ఉన్నారు. మామూలుగా ఎంతో సరదా మనిషి. కానీ రికార్డరు మీద ఎర్ర లైటు వెలగ్గానే ఆయనలోకి ఎవరో పండితుడు ప్రవేశించాడు. "నేను జన్మించినది గోదావరీ తీరమందు. బాల్యము నుండియే నాయందు నాయకత్వ లక్షణములు పొడసూపినవి" అని మొదలుపెట్టారు. నేను నోరు తెరిచి చూస్తుండగానే కొట్టు తలుపు గంట టింగుమంది. అంకుల్ ఒక్క గెంతులో కౌంటర్ దగ్గరికెళ్లి, "కియోరా బ్రో! మిన్స్ పై ఆర్ చీజ్?" అని, ఈ దేశపు మూలవాసులైన మావోరీల మాటతో పలకరించి అడిగి, పై కట్టిచ్చి, మళ్లీ వచ్చి కూర్చుని కోటు సర్దుకుని, "ఎచ్చట నుంటిమి?" అన్నారు. ఆ మధ్యాహ్నం గోదావరీ తీరానికీ మిన్స్ పైకీ మధ్య ఆయన కనీసం ఇరవైసార్లు ప్రయాణం చేసి ఉంటారు. రెండు గంటల్లో ఆయన చేపట్టిన పదవులూ, ప్రారంభించిన కార్యక్రమాలూ, అందుకున్న శాలువాలూ అన్నీ వచ్చాయి. టౌరంగాలోని మొదటి రోజుల గురించి ఒకే వాక్యం. "స్వల్ప వ్యవధిలో స్థిరపడి, స్వయముగా కారు నడుపుకొనుచు కుటుంబమును ఆక్లాండు నగరమునకు గొనివచ్చితిని."

ఆంటీ మధ్యమధ్యలో వచ్చి టీ పెట్టి వెళ్లేది. ఆ కారు నడుపుకొనుచు అన్న దగ్గర మాత్రం ఆవిడకి దగ్గొచ్చింది. "మీరు కూడా చెప్పండాంటీ" అన్నాను. "నాదేముందమ్మా చెప్పడానికి? ఆయన్నడుగు, అన్నీ ఆయనకే తెలుసు" అని ఖాళీ కప్పులు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ రికార్డింగ్‌ని ఇంగ్లీషులోకి మార్చి మేడమ్‌కి ఇచ్చాను. (శాలువా అనే మాట దగ్గర చాలా కష్టపడ్డాను. అంతమంది ఈయనకి దుప్పట్లు ఎందుకిచ్చారని మేడమ్ అడిగింది.) అంతా చదివి ఆవిడ, "ఈయన ఏయే కుర్చీల్లో కూర్చున్నారో తెలిసింది. కూర్చున్న మనిషి ఎవరో ఎప్పుడు తెలుస్తుంది?" అంది. మళ్లీ వెళ్లు అంది. మళ్లీ వెళ్లాను. మళ్లీ కోటు, మళ్లీ తీరమందు. ఈసారి సరిగ్గా మూడింటికి వెళ్లడం నా తెలివితక్కువతనం. స్కూలు వదిలాక పిల్లలంతా ఐసు పుల్లలకీ చాక్లెట్లకీ మిడతల దండులా కొట్టు మీద పడతారు. అంకుల్ కౌంటర్ దగ్గర చిక్కుబడిపోయారు. ఆయనెలాగూ వచ్చేస్తారు కదా అని రికార్డరు ఆపకుండా జేబులో పడేసుకుని, ఆయన తీసి ఇచ్చిన మైకుని చున్నీకి తగిలించుకుని, టీ కప్పు ఇద్దామని వంటింట్లోకి వెళ్లాను. ఆంటీ పెరట్లో పండించిన గోంగూర ముందేసుకుని ఆకు దూస్తోంది. నేనూ కూర్చుని దూయడం మొదలుపెట్టాను. చేతులకి పని దొరికిందేమో, నా నోరు విచిత్రంగా మూతపడింది.

"ఈ గోంగూర విత్తనాలు నాకు టౌరంగాలో ఒకావిడ ఇచ్చిందమ్మా" అని ఆంటీ తనంతట తనే ఎత్తుకుంది. ఇక అక్కణ్ణుంచి ఆగలేదు. టౌరంగాలో అంకుల్ తోటల్లో కివీ పళ్లు కోసేవారట, ఆంటీ వాటిని ఏరి పెట్టెలకెత్తే షెడ్డులో పనిచేసేదట. పొద్దున్నించీ కళ్ల ముందు బెల్టు మీద పళ్లు దొర్లిపోతుంటే మచ్చలున్నవి ఏరి పక్కన పడేయాలి. "మొదటిరోజు అరగంటకే కళ్లు తిరిగాయి. బెల్టు ఆగినట్టూ, నేను కదిలిపోతున్నట్టూ అనిపించి వెనక్కి పడబోయాను. పక్కనున్న మావోరీ ఆవిడ నా ఏప్రాన్ పట్టుకుని లాగి నిలబెట్టింది. పళ్ల వంక అదే పనిగా చూడకు, మధ్యమధ్యలో నా మొహం చూడు అంది. ఇంగ్లీషు నాకేం అర్థమవుతుంది? ఆవిడ మొహం చూస్తూనే ఉండిపోయాను. పళ్లన్నీ వెళ్లిపోయాయి."

ఆ మావోరీ ఆవిణ్ణి ఆంటీ అక్కా అని పిలిచేదట. ఆవిడ అదే తన ఇంకో పేరనుకుని పలికేదట. కొన్నాళ్లకి సూపర్‌వైజరు దగ్గరికెళ్లి, నా పని బాగుందా అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగితే, ఆ సూపర్‌వైజరమ్మ "స్వీట్ యాజ్!" అందట. (బాగుంది అనడానికి ఇక్కడివాళ్లు వాడే మాట అది.) "నేనేమో, స్వీటు అడుగుతోంది కాబోలు, పనిలో ఉంచాలంటే స్వీటు పెట్టాలి కాబోలు అనుకున్నాను. ఇంటికెళ్లి సున్నుండలు చేసి తెచ్చిచ్చాను. మర్నాడూ స్వీట్ యాజ్ అంది. మళ్లీ చేశాను. వారం రోజులు, సున్నుండలు చేసీ చేసీ నా అరచేతులు మండిపోయాయమ్మా. మనసులో ఎంత తిట్టుకున్నానో, ఈ లంచగొండి మనిషి దేశం కాని దేశంలో దొరికిందేంట్రా అని. అక్కకి సంగతి తెలిసి, నవ్వలేక బెల్టు ఆపించేసి బయటికెళ్లి కూర్చుంది!"

నేను నవ్వుతున్నాను, ఆంటీ నవ్వుతోంది. ఆ నవ్వులోనే, అక్క తన పాత వ్యానులో ఆంటీకి తోటల మధ్య దారుల్లో డ్రైవింగ్ నేర్పడం, ఆంటీ మొదటి పరీక్షలోనే పాసవడం వచ్చాయి. మరి అంకుల్? "నాలుగుసార్లు తప్పారు. మొదటిసారి రౌండబౌట్లోకి వెళ్లి, ఎవరికీ అడ్డం రాకూడదని బయటికి రాకుండా గుళ్లో ప్రదక్షిణంలా మూడు చుట్లు తిరిగారు. రెండోసారి పచ్చ లైటు దగ్గర ఆపేశారు, ఎర్ర లైటు వస్తుందేమోనని. మూడోసారి ఏమైందో ఈనాటికీ చెప్పలేదు. నాలుగోసారి పార్కింగ్ చేస్తూ ఆ పరీక్ష తీసుకునేవాడి సొంత కారునే గుద్దారు." ఆక్లాండ్‌కి కుటుంబాన్ని తీసుకొచ్చింది ఆంటీయేనన్నమాట, కొండదారుల్లో, నడుం వెనక దిండు లేకపోతే బ్రేకు అందని పాత కారులో. అంతేకాదు, సంఘం వాళ్ల పండగలకి వెళ్లినప్పుడల్లా హాలుకి వంద గజాల దూరంలో సందు మలుపు తిరగ్గానే అంకుల్ కారు ఆపించేవారట. ఆంటీ దిగి, పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని అటు నుంచి ఇటు వచ్చి కూర్చునేది. అంకుల్ స్టీరింగ్ ముందుకి జరిగి, ఆ వంద గజాలూ నడిపి, అందరూ చూస్తుండగా హాలు ముందు దిగేవారు. వానొచ్చినా అంతేనట.

"మీరెలా ఒప్పుకున్నారాంటీ?" అని అడిగాను. ఆవిడ ఆకు దూయడం ఆపింది. "అక్కడ ఆయనకి జీపుండేదమ్మా. డ్రైవరుండేవాడు. ఆయన వస్తే ఆఫీసంతా లేచి నిలబడేది. ఇక్కడికొచ్చాక అన్నీ పోయాయి. ఆ ఆఖరి వంద గజాలైనా ఉండనీలే అనుకున్నాను" అంది.

లోపలికి అంకుల్ రావడం, ఆంటీ లేచి పొయ్యి వెలిగించడం, నేను జేబులోంచి రికార్డరు తీయడం ఒకేసారి జరిగాయి. ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. ఇక నా సంతోషం చెప్పనలవి కాదు. నిధి దొరికినట్టు పరుగెత్తుకుంటూ లైబ్రరీకి వెళ్లి మేడమ్ ముందు కూర్చుని, అంతా వినిపిస్తూ వాక్యం వాక్యం ఇంగ్లీషు చేసి చెప్పాను. ఆవిడ స్వీట్ యాజ్ దగ్గర కళ్లు తుడుచుకుంది, వంద గజాల దగ్గర కళ్లద్దాలు తీసేసింది. అంతా అయ్యాక అడిగింది: "రికార్డవుతోందని ఆవిడకి తెలుసా?"

జీవితంలో ఆ ఒక్కసారి నేను పది దాకా లెక్కపెట్టాను. ఇరవై దాకా కూడా వెళ్లాను.

"ఇది ఆవిడ నీకు ఇచ్చింది కాదు. నువ్వు తీసుకున్నది" అంది మేడమ్, ఏమాత్రం గొంతు పెంచకుండా. "వెళ్లి చెప్పు. వద్దంటే ఆవిడ ముందే చెరిపెయ్యి." వినిపించే రోజుకి రెండు వారాలుంది. మిగతావాళ్ల దగ్గర నేను రికార్డు చేసినవన్నీ శాలువాల జాబితాలే. ఏదో ఒకటి చెప్పి ఆంటీని ఒప్పిద్దామా, అసలు చెప్పకుండానే ఆవిడ పేరు తీసేసి వాడేద్దామా అని ఆ సాయంత్రమంతా నా మనసు అడ్డదారులన్నీ తొక్కింది. మర్నాడు మాత్రం కాళ్లే డైరీకి నడిపించాయి.

ఆంటీ వెనక గదిలో పాల సీసాల పెట్టెలు సర్దుతోంది. "ఆంటీ, నేనొక తప్పు చేశాను" అన్నాను. ఆవిడ భయపడి, "ఎవరమ్మా అబ్బాయి?" అంది. అది కాదని, రికార్డరు సంగతి చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. "ఆఁ? నా గొంతు అందులో పడిందా? ఏదీ, విననీ" అని హెడ్‌ఫోన్లు తగిలించుకుని పాలపెట్టె మీద కూర్చుంది. తన సున్నుండలకి తనే పగలబడి నవ్వింది. "అమ్మో, నేనింత వాగానా! అచ్చం మా అమ్మ గొంతులా ఉందే!" అంది. తర్వాత మెల్లగా నవ్వు తగ్గి, హెడ్‌ఫోన్లు తీసి నా ఒళ్లో పెట్టింది. "చెరిపేయమ్మా. నా సంగతులకేం గానీ, ఆయన వింటే తట్టుకోలేరు. వంద గజాల మాట నేనీ జన్మలో ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. నిన్న నోరు జారింది" అంది. సరేనన్నాను. నొక్కాల్సిన బటన్ మీద వేలు పెట్టాను. సరిగ్గా అప్పుడే స్కూలు వదిలారు.

ఆంటీ కౌంటర్ దగ్గరికి పరుగెత్తింది. అప్పటిదాకా అక్కడున్న అంకుల్ కాస్త నడుం వాల్చడానికి వెనక్కి వచ్చి, నన్నూ రికార్డరునీ చూసి మొహం వెలిగించుకున్నారు. "ఆహా, నా ప్రసంగమా? ఎలా వచ్చిందో చూద్దాం" అంటూ హెడ్‌ఫోన్లు తీసి తగిలించేసుకున్నారు. అంకుల్, వద్దంకుల్, అది మీది కాదంకుల్ అని నేనంటున్నవన్నీ హెడ్‌ఫోన్ల బయటే ఉండిపోయాయి. లాగేసుకుందామంటే పెద్దాయన. ఆపేద్దామంటే రికార్డరు ఆయన గుప్పిట్లో ఉంది. (ఒకే రికార్డింగ్‌తో రెండు రోజుల్లో రెండు నమ్మకద్రోహాలు చేసిన ఘనత మా వృత్తిలో ఇంకెవరికైనా ఉందేమో నాకు తెలియదు.) మొదట ఆయన మొహంలో, ఇది నా గొంతు కాదే అన్న నిరాశ కనబడింది. తర్వాత నవ్వారు. తర్వాత రౌండబౌటు వచ్చి ఉంటుంది, చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత పాలపెట్టె మీద కూలబడి చివరిదాకా విన్నారు. అవతల పిల్లలు రంగురంగుల తాయిలాల కోసం అరుస్తున్నారు. ఇవతల నేను పాలపెట్టెల మధ్య నిలబడి నిజామాబాదు టికెట్టు ఎంతుంటుందా అని ఆలోచిస్తున్నాను.

ఆయన హెడ్‌ఫోన్లు తీశారు. నేను మాట్లాడలేదు. (మేడమ్ చెప్పిన సూత్రం వల్ల కాదు, మనసులో టికెట్టు డబ్బులు ఇంకా కూడుతూనే ఉన్నాను.) ఆయన మామూలు గొంతుతో, పండితుడెవరూ లేని గొంతుతో, "ఆ వంద గజాలకి మీ ఆంటీని నేను ఒప్పించాననుకున్నాను అమ్మాయ్, ఇన్నేళ్లూ" అన్నారు. హెడ్‌ఫోన్ల తీగ మెల్లగా చుట్టారు. "నా కోసమని వదిలేసిందన్నమాట."

"సారీ అంకుల్. చెరిపేస్తున్నాను. ఆంటీ చెరిపేయమన్నారు."

"చెరిపెయ్. ఆవిడ ఉంచమంటేనే ఉండాలి అది. నా సంగతులు నేనే చెప్పుకుంటాను. ఆదివారం పొద్దున్న రా. కొట్టు తీయకముందే."

ఆయన చూస్తుండగానే చెరిపేశాను. నిజంగానే చెరిపేయమంటావా అని ఆ పాడు యంత్రం రెండుసార్లు అడిగింది, నా మనసు తెలిసినట్టు. అంకుల్ లేచి కౌంటర్ దగ్గరికెళ్లి, ఆంటీని పక్కకి జరగమని తనే పిల్లలకి ఐసు పుల్లలు అందించడం మొదలుపెట్టారు. ఆంటీ నా వైపు చూసింది, ఏమైందన్నట్టు. నేను పాల సీసాల లేబుళ్లు చదవడంలో మునిగిపోయాను. ఆ తర్వాత ఆ ఇంట్లో వాళ్లిద్దరి మధ్య ఏం నడిచిందో నాకు తెలియదు. నేను అడగలేదు. అడగకుండా ఉండటం అప్పుడే మొదటిసారి చేతనైంది.

ఆదివారం వెళ్లేసరికి రెండు కుర్చీలు పక్కపక్కన వేసి ఉన్నాయి. ఇద్దరూ కూర్చున్నారు. రెండు పత్రాల మీదా సంతకాలు పెట్టారు. అంకుల్‌కి కోటు లేదు, ఇంట్లో వేసుకునే పొట్టి చేతుల చొక్కా. ఎర్ర లైటు వెలిగింది. "నేను డ్రైవింగ్ పరీక్ష నాలుగుసార్లు తప్పాను" అన్నారాయన.

"అయిదు" అంది ఆంటీ, వంటింట్లో నాకు కూడా చెప్పకుండా దాచుకున్నదాన్ని బయటపెట్టి.

"అయిదోది పాసయ్యాను కదా!"

"పాసైంది ఆరోది. అయిదోసారి మీరసలు లోపలికే వెళ్లలేదు. బయట బెంచీ మీద కూర్చుని ఇంటికొచ్చేశారు."

"అది నీకెలా తెలుసు?"

"వ్యానులో అక్కా నేనూ ఎదురుగానే ఉన్నాం. మీరు చూస్తారని సీట్లలోకి వంగి కూర్చున్నాం."

అలా నడిచింది మూడు గంటలు. ఆయన ఒక ముక్క చెప్పడం, ఆవిడ దాన్ని సరిచేయడం, ఆయన ఆ సరిదిద్దినదాన్ని మళ్లీ దిద్దడం. మూడోసారి పరీక్షలో ఏమైందో ఆంటీకి కూడా ఆ రోజే తెలిసింది. దారిలో బాతు, దాని వెనక ఆరు పిల్లలూ రోడ్డు దాటుతుంటే ఆపి, ఆయన దిగి, అవన్నీ అవతలికి వెళ్లేదాకా చేతులు చాచి ట్రాఫిక్ ఆపేశారట. పరీక్షాధికారి ఇది పరీక్షలో లేదన్నాడట. తోటలో మొదటిరోజు పళ్లు కోస్తుంటే, పక్కవాడు ఇదివరకు ఏం చేసేవాడివని అడిగితే, రైతులకి పంటల గురించి చెప్పేవాణ్ణని చెప్పలేక డ్రైవర్నని చెప్పారట. "అందుకే ఎలాగైనా డ్రైవింగ్ రావాలనుకున్నానమ్మాయ్, కనీసం ఆ అబద్ధమైనా నిజం చేద్దామని" అన్నారు. వంద గజాల మాట కూడా వచ్చింది. ఆంటీ తల వంచుకుని ఉండగా ఆయనే చెప్పారు. "ఆవిడ ఇచ్చింది. నేను తీసుకున్నాను. అంతే" అన్నారు. ఆంటీ దాన్ని మాత్రం సరిచేయలేదు.

వినిపించే రోజున లైబ్రరీ హాలు నిండింది. తెలుగు గొంతులు వినిపిస్తుంటే తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడేలా పెట్టాం. దాంతో నవ్వు రెండు అలలుగా వచ్చేది. ముందు తెలుగువాళ్లు, రెండు క్షణాలు ఆగి, చదువుకున్నాక, మిగతావాళ్లు. బాతుపిల్లల దగ్గర మాత్రం రెండూ కలిసిపోయాయి. అంకుల్ ముందు వరసలో మళ్లీ నీలం కోటులో, మహాసభలో అధ్యక్షుడిలా నిటారుగా కూర్చున్నారు. అయ్యాక వెనక వరసలోంచి మా వాళ్లందరూ భయపడే ఒక పెద్ద డాక్టరు అంకుల్ లేచి, "నాది మూడుసార్లు" అన్నారు. ఇంకెవరో "నాది నాలుగు, నాలుగోసారి ఏడ్చాను కూడా" అన్నారు. చేతికర్ర పట్టుకున్న ఒక కివీ తాతగారు, తాను ఇక్కడే పుట్టి ఎనభై ఏళ్లయినా ఇప్పటికీ పాసవలేదనీ, భార్యే నడుపుతుందనీ చెబితే అంకుల్ లేచి వెళ్లి ఆయనకి చెయ్యి కలిపారు. టీ తాగుతుండగా నా ముందు వరస కట్టారు జనం, మా సంగతులు కూడా రాసుకో అమ్మాయ్ అంటూ. ఆంటీ మాత్రం ఓ మూల సున్నుండల డబ్బా తెరిచి మేడమ్ చేతిలో ఒకటి పెట్టింది. మేడమ్ కొరికి, పాపం అలవాటుగా, "స్వీట్ యాజ్!" అంది. ఆంటీ నా వైపు చూసి, "చూశావా, మళ్లీ అడుగుతోంది!" అంది.

మూడు నెలల పని ఏడాదైంది. ఏడాది ఏళ్లయింది. ఇప్పుడు నేను బోటనీ డౌన్స్‌లో ఉంటాను, ఇదే పని చేస్తాను, కొత్తగా చేరిన పిల్లలకి పది లెక్కపెట్టడం నేర్పుతాను. ఎవరూ నాలుగు దాటరు. అంకుల్, ఆంటీ డైరీ అమ్మేసి టౌరంగాలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. ఆ కూతురు అక్కడ ఆసుపత్రిలో నర్సు. అంకుల్ ఇప్పుడు బాగానే నడుపుతారు, రౌండబౌటు వస్తే తప్ప. మొన్న లైబ్రరీవాళ్లు ఆ పాత రికార్డింగులన్నీ అందరూ వినేలా ఇంటర్నెట్లో పెట్టారు. పనంతా అయ్యాక ఇంట్లో బట్టలు మడతపెట్టుకుంటూ ఆ ఆదివారంనాటిది పెట్టుకున్నాను. ఆంటీ గొంతు కోసం పెట్టుకుంటే, మధ్యలో ఒక పిల్ల గొంతు పలకరించింది. సన్నగా, గబగబా, ఊపిరి తీసుకోకుండా, అన్నీ తెలిసిన గొంతు.

"షెడ్డులో చేరినప్పుడు మీ వయసెంత ఆంటీ?"

"ముప్ఫై ఆరమ్మా."

"అబ్బో! అంత వయసొచ్చాక కూడా కొత్త పని నేర్చుకున్నారంటే గ్రేటాంటీ!"

బయట ఏదో కారు వెళ్లిన చప్పుడు. తర్వాత ఆంటీ, ఎంతో ఓపిగ్గా, "ఏదోనమ్మా, కర్ర పొడుచుకుంటూ నేర్చుకున్నాను" అంది. వెనకాల అంకుల్ పొలమారినట్టు దగ్గారు. ఆ పిల్లకి ఏమీ అర్థం కాలేదు. "ఓకే ఆంటీ" అని తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయింది.

పోయిన నెలలో నాకు ముప్ఫై ఏడు నిండాయి. చేతిలో తువ్వాలు అలాగే పట్టుకుని నవ్వాను, తర్వాత వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. ఆ పిల్లని ఏమీ అనాలనిపించలేదు. పాపం, ఎంత మర్యాదగా ఆశ్చర్యపోయిందో!